విప్పి చూసిన నాయుడు గారు

ముందుగా ఒక మాట. నేను నర్సరీ నుంచి ఇంటర్ దాకా ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగ్గా రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే నావే, క్షమించండి. ఈ సంచికకి ఎవరైనా గొప్పవారి జీవితం రాయమని క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు, కంప్యూటర్ రంగంలో ఎవరినో ఒకరిని ఎంచుకుందామనుకున్నా. కానీ సంక్రాంతి సెలవుల్లో మా తాతయ్య కారు నన్ను వేరే ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పేరు జి.డి. నాయుడు. కారు కథ చెప్పకుండా ఆయన కథ చెప్పలేను కాబట్టి, ముందు కారు.

తాతయ్యది గుడివాడ. ఆయన దగ్గర 1990ల నాటి పెట్రోలు కారు ఒకటుంది. కార్బ్యురేటర్ బండి. అంటే ఇప్పటి కార్లలో లాగా ఇంజన్‌కి ఎంత పెట్రోలు పోవాలో కంప్యూటర్ నిర్ణయించదు. స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చదువుదామంటే, పెట్టడానికి సాకెట్టే లేదు. మా ఇంట్లో కంప్యూటర్ సైన్స్ చదివేది నేనొక్కణ్ణే. ఆ బండి దగ్గర దేనికీ పనికిరానిదీ నేనొక్కణ్ణే.

ఈ ఏడాది దాని ఆర్‌సి గడువు అయిపోతోంది. ఇంకో ఐదేళ్ళకి రెన్యువల్ చేయించాలా, తుక్కుకి ఇచ్చేయాలా అని ఇంట్లో చర్చ. నాన్న తుక్కు పార్టీ. తాతయ్య ఏమీ అనరు, కానీ రోజూ పొద్దున్నే గుడ్డ పట్టుకుని దాన్ని తుడుస్తారు.

కనుమ వెళ్ళిన మర్నాడు అవనిగడ్డలో చుట్టాలింటికి ఆ కారులోనే బయల్దేరాం. పామర్రు, చల్లపల్లి, మోపిదేవి దాకా బాగానే వచ్చింది. పులిగడ్డ దగ్గర వంతెన ఎక్కుతూ నేను యాక్సిలరేటర్ తొక్కగానే, వెనక నుంచి ఎవరో తాడు కట్టి లాగినట్టు ఒక కుదుపు. ఇంకొంచెం తొక్కితే వరసగా నాలుగు. కాలు తీస్తే మామూలైపోయింది. పక్కన ఆపి బానెట్ ఎత్తితే, ఇంజను ఏ పాపం ఎరగనట్టు మెత్తగా తిరుగుతోంది.

మన డెల్టాలో కొండల్లేవు, ఘాట్ రోడ్లు లేవు. బండికి బరువంటే ఏమిటో తెలిసేది వంతెన ఎక్కేటప్పుడే. చదునుగా ఉన్న రోడ్డు మీద బయటపడని జబ్బు అక్కడ బయటపడింది. నాన్న వెనక సీట్లోంచి తుక్కు అనే మాట ఇంకోసారి గుర్తు చేశారు. తాతయ్య కిటికీలోంచి కృష్ణ వైపు చూస్తూ కూర్చున్నారు.

గుడివాడ తిరిగొచ్చాక నేను రంగంలోకి దిగా. నెట్‌లో వెతికితే కారణాల జాబితా పెద్దదే ఉంది. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, పెట్రోలు ఫిల్టరు, పంపు, కార్బ్యురేటర్ జెట్లలో మట్టి, ఎక్కడో గాలి లీకు. నాకు ఓపిక లేదు. కొత్త ప్లగ్గులు, కొత్త ఫిల్టరు కొన్నా. కార్బ్యురేటర్ మీద క్లీనర్ కొట్టా. అన్నీ ఒకే మధ్యాహ్నం. సాయంత్రం రోడ్డెక్కితే కుదుపు తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది కూడా. మూడు పనులు ఒకేసారి చేశాను కాబట్టి, పెరగడానికి ఏది కారణమో కూడా తెలీలేదు. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ నడవకపోతే ఒకేసారి పది లైన్లు మార్చేసి, తర్వాత తల పట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది కదా. అచ్చం అదే.

మర్నాడు తాతయ్య నన్ను బందరు తీసుకెళ్ళారు. అక్కడ ఆయనకి తెలిసిన మెకానిక్ షెడ్డు ఒకటుంది. షెడ్డు ఆయనకి అరవై దాటి ఉంటాయి, నేను బాబాయ్ అని పిలిచా. బాబాయ్ ముందు పానా పట్టుకోలేదు. బండి ఎక్కి ఒక రౌండు కొట్టి వచ్చి ప్రశ్నలు వేశాడు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏ గేరులో? ఊరికే నిలబెట్టి ఉంచితే మిస్సింగ్ ఉందా? పొద్దున మంచులో ఎక్కువవుతోందా? నేను చేసిన రిపేర్లు విని నవ్వాడు. ఆ తర్వాత చీకటి పడనివ్వమన్నాడు. చీకటి పడితే ఏమొస్తుందో నాకు అర్థం కాలేదు. తప్పించుకుంటున్నాడేమో అనుకున్నా.

రెండు స్టూళ్ళేశాడు, కూర్చున్నాం. తాతయ్య బందరు లడ్డూ తెప్పించారు. షెడ్డు మూల రీవైండింగ్‌కి వచ్చిన పాత పంపు మోటారు ఒకటి పడి ఉంది. దాని రేకు మీద కోయంబత్తూరు అని ఉంది. మన వైపు పొలాల్లో పంపుసెట్లు చాలావరకు ఆ ఊరివే. తాతయ్య చేతికర్రతో దాన్ని చూపించి, ఆ ఊళ్ళో ఈ మోటార్ల పని మొదలుపెట్టిన వాళ్ళలో మన తెలుగాయన ఉన్నారని, ఆయన బడి కూడా సరిగ్గా చదవలేదని చెప్పారు. బి.టెక్ రెండో సంవత్సరం చదువుతున్న నేను ఆ పేరు అప్పటిదాకా వినలేదు. అక్కడ తాతయ్య చెప్పినవి కొన్ని, హాస్టల్‌కి వచ్చాక నేను చదివి సరిచూసుకున్నవి కొన్ని. రెండూ కలిపి రాస్తున్నా.

ఆగిపోయిన మోటార్ సైకిల్

గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. రైతు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. కోయంబత్తూరు చుట్టుపక్కల ఇలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. విజయనగర రాజుల కాలం నుంచి దక్షిణానికి వెళ్ళి, నల్లరేగడి నేలల్లో పత్తి వేసుకుని అక్కడే స్థిరపడిపోయిన వాళ్ళు. బయట తమిళం, ఇంట్లో తెలుగు. మనం ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు అన్నట్టు.

ఆయనకి బడి పడలేదు. ప్రాథమిక తరగతుల్లోనే మానేసి పొలం పనుల్లో పడ్డారు. కుర్రతనంలో ఒకరోజు ఊరి దారిలో ఒక బ్రిటిష్ అధికారి రడ్జ్ మోటార్ సైకిల్ మీద వస్తూ ఆగిపోయాడు. ఎద్దులు లేకుండా, గుర్రం లేకుండా దానంతటది వచ్చే బండిని ఆ కుర్రాడు చూడటం అదే మొదలు. ఆ అధికారికి కిరోసిన్ కావాల్సి వస్తే తెచ్చిచ్చి, ఆయన బండి బాగుచేసుకుని వెళ్ళేదాకా పక్కనే నిలబడి చూశారు.

నాకు ఇక్కడ ఒకటి అనిపించింది. ఆ బండి ఆగకుండా వెళ్ళిపోయి ఉంటే ఆ కుర్రాడికి దుమ్ము తప్ప ఏమీ కనబడేది కాదు. ఆగింది కాబట్టే దాని లోపల ఏముందో కనిపించింది. ఏదైనా పాడైనప్పుడే అది ఎలా పనిచేస్తుందో మనకి తెలిసే అవకాశం వస్తుంది.

ఆ బండి ఆయన మనసులోంచి పోలేదు. కొనాలి. డబ్బు లేదు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వర్‌గా చేరారు. జీతం కూడబెట్టి చివరికి మోటార్ సైకిల్ కొన్నారు. కొన్నవాడు ఎవరైనా ఏం చేస్తాడు? ఊరంతా తిరుగుతాడు. ఈయన దాన్ని ముక్క ముక్కగా విప్పేశారు. విప్పి, మళ్ళీ బిగించారు. అలా చేస్తూనే మెకానిక్ అయ్యారు.

ఇంజను విప్పడం తేలికే, నేనూ విప్పగలను. బిగించడంలో ఉంది అసలు పని. ఏ నట్టు ఎక్కడిదో, ఏ వాషర్ దేనికిందిదో గుర్తుండాలంటే తీసేటప్పుడే ఒక వరస ఉండాలి. ఒక్కో ముక్క ఎందుకుందో అర్థమైతేనే ఆ వరస గుర్తుంటుంది. కళ్ళ ముందు విప్పిన బండే ఆయన పుస్తకం.

పొల్లాచి నుంచి పళని

తర్వాత ఆయన పత్తి వ్యాపారంలోకి దిగారు. సంపాదించారు, బొంబాయి దాకా వెళ్ళారు, సంపాదించింది అక్కడే పోగొట్టుకుని వచ్చారు. మళ్ళీ సున్నా. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే బ్రిటిష్ వ్యాపారి ఉండేవాడు. ఆయన అప్పిచ్చి సాయం చేస్తే 1920లో నాయుడు గారు ఒక బస్సు కొన్నారు. పొల్లాచి నుంచి పళనికి నడిపారు. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే.

ఒక్క బస్సు నడిపేవాడికి బస్సు ఆగిపోతే అన్నం ఆగిపోయినట్టే. ఎక్కిన భక్తులు పళని వెళ్ళాలి, మధ్యలో దింపేస్తే రేపు ఇంకెవరూ ఎక్కరు. అలాంటప్పుడు ఇంజను చప్పుడులో తేడా వస్తే చెవికి ముందే తెలియాలి. ఆ ఒక్క బస్సు కొన్నేళ్ళలో యు.ఎం.ఎస్. అనే పెద్ద సంస్థ అయింది. 1930ల నాటికి బస్సులు వందల్లోకి వెళ్ళాయి. టైముకి నడుస్తాయని, బాగా చూసుకుంటారని దానికి పేరు. మన గుడివాడ బస్టాండులో బస్సు కోసం ఎదురుచూసిన వాళ్ళెవరికైనా టైముకి నడవడం ఎంత కష్టమో తెలుసు. డ్రైవరు మంచివాడైతే చాలదు. వెనక వర్క్‌షాపు ఉండాలి, విడిభాగాలుండాలి, వాటిని చేయగల మనుషులుండాలి. వాళ్ళని తయారుచేయడమే తర్వాత ఆయనకి పెద్ద పని అయింది.

మోటారు, రేజరు, రేడియో

1937లో కోయంబత్తూరు పీలమేడులో మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు బయటికొచ్చింది. దాన్ని తెచ్చింది నాయుడు గారు, ఆయనతో పాటు డి. బాలసుందరం గారు. షెడ్డు మూల పడి ఉన్న పంపు మోటారు వంశవృక్షం అక్కడ మొదలవుతుంది. తర్వాతి రోజుల్లో మోటార్లకీ పంపులకీ కోయంబత్తూరు పెట్టింది పేరైంది. ఇవాళ మన కాలువ గట్ల మీద తిరిగే మోటార్లలో ఆ ఊరి చెయ్యి ఉంది.

అదే రోజుల్లో ఆయన రసంత్ అనే రేజర్ చేశారు. చిన్న మోటారుతో, డ్రై సెల్స్‌తో నడిచేది. పల్చటి బ్లేడ్లు, పళ్ళరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసం చేయడానికి వీల్లేని ఓటింగ్ యంత్రం, ఇలా జాబితా సాగుతుంది. కరెంటు లేని ఊళ్ళో ఫ్యాను ఎలా తిరగాలని ఆలోచించినవాడే కిరోసిన్ ఫ్యాను చేస్తాడు. 1941లో ఐదు వాల్వుల రేడియోని 70 రూపాయలకే మన దేశంలో తయారు చేయగలనని ప్రకటించారు. పొలాన్నీ వదల్లేదు. పత్తిలో, మొక్కజొన్నలో, బొప్పాయిలో కొత్త రకాలు పెంచారు. సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య లాంటి వాళ్ళు వచ్చి ఆయన తోట చూసి వెళ్ళారు.

యూరప్ వెళ్ళినప్పుడు సినిమా కెమెరా వెంట ఉండేది. లండన్‌లో అయిదో జార్జి రాజు అంత్యక్రియలు స్వయంగా చిత్రీకరించారు. 1936లో జర్మనీలో హిట్లర్‌నీ కలిశారు. ఇది చదివినప్పుడు నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. ఇక్కడ గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోస్ కూడా ఆయన కెమెరాలో ఉన్నారు. ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు కూడా. అన్నిట్లోనూ గెలిచిన మనిషి అని నేను చెప్పబోవడం లేదు.

నాలుగేళ్ళా, రెండేళ్ళా?

ఇప్పుడు చెప్పేది మన గురించి కూడా. అందుకే కొంచెం నిదానంగా చదవండి.

1944లో ఆయన తన మోటారు వ్యాపారాల రోజువారీ పనుల్లోంచి తప్పుకుని, పరిశోధన చేసేవాళ్ళకి స్కాలర్‌షిప్‌లు, కార్మికులకి సంక్షేమ పథకాలు ప్రకటించారు. ఆయన విరాళాలతో, ఆయన స్థలంలోనే కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, 1945లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. ఆ ఇంజనీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ ఎవరో తెలుసా? బడి మానేసిన నాయుడు గారే.

ప్రిన్సిపాల్ అయ్యాక నాలుగేళ్ళ కోర్సు ఆయనకి నచ్చలేదు. ఆ సిలబస్‌కి రెండేళ్ళు చాలని, మిగతాది పిల్లల కాలం వృథా అని ఆయన వాదన. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేసి వెళ్ళిపోయారు. కాలేజీ తర్వాత వేరే చోటికి మారి ఇప్పుడు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీగా నడుస్తోంది. కాలేజీ వెళ్ళిపోయినా ఆ పాత చోటుని జనం ఇప్పటికీ హోప్స్ కాలేజ్ అనే పిలుస్తారు. అక్కడ బస్టాపు పేరూ అదే.

ఇది చదివి నాలో ఒకడు ఎగిరి గంతేశాడు. చూశావా, డిగ్రీ దండగ అని. కానీ రెండోసారి చదివాక అలా అనిపించలేదు. డిగ్రీ దండగ అనుకున్న మనిషి సొంత డబ్బు పెట్టి కాలేజీ ఎందుకు కట్టిస్తాడు? చదువు వద్దని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కూర్చోబెట్టడం వద్దన్నారు. రేడియో, మోటారు వాహనాల లాంటి పనుల్లో తక్కువ కాలంలో చేతికి పని వచ్చేలా శిక్షణ ఇప్పించారు.

రెండేళ్ళు చాలవేమో. లెక్కలకీ, సిద్ధాంతానికీ టైము పడుతుంది. నాలుగేళ్ళే సరి కావచ్చు. కానీ మా బ్యాచ్‌లో నాతో సహా ఎంతమంది ఒక యంత్రాన్ని తెరిచి చూశాం? నా ల్యాబ్ రికార్డులో స్పార్క్ ప్లగ్ బొమ్మ ఉంది, మొదటి ఏడాది వేసింది, పెన్సిల్‌తో చక్కగా షేడింగ్ కూడా చేశా. చేతిలోకి తీసుకున్నది మాత్రం ఈ సంక్రాంతికే. ఆయన అడిగింది ఏళ్ళ లెక్క కాదేమో, ఆ ఏళ్ళలో చేతులు ఏం చేస్తున్నాయని అడిగారేమో.

పికప్ ఇచ్చినప్పుడు

1952లో నాయుడు గారి దగ్గర ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారైంది. ధర 2,000 రూపాయలు. కానీ 1951 పరిశ్రమల చట్టం వచ్చాక కార్ల లాంటివి తయారు చేయాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాల్సి వచ్చేది. లైసెన్సు ఇవ్వలేదు. కారు తయారీ ఆగిపోయింది.

పన్నుల మీద కూడా ఆయనకి ప్రభుత్వంతో గొడవ. పన్ను మరీ ఎక్కువైపోయిందన్న కోపంతో 1950ల్లో ఒకసారి జనం ముందే తన రేడియోలు, ఇతర వస్తువులు పగలగొట్టారు. ఈ సంగతి తాతయ్యకి చెబితే ఆయన నమ్మలేదు. నాకూ ఇది మింగుడుపడలేదు. ఒక్కో ముక్కా విప్పి తిరిగి బిగించడం నేర్చుకున్న చేతులు సుత్తి పట్టుకున్నాయంటే ఎంత విసిగిపోయి ఉండాలి! ఆ పని తప్పే అని నా అభిప్రాయం. ఆ రేడియోలు ఏ పల్లెటూరి బడికో ఇచ్చి ఉంటే ఇంకెవరో కుర్రాడు విప్పి చూసేవాడు. కానీ ఆయన బాధ మాత్రం అర్థమవుతుంది.

నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ ఆయన బండి బాగానే నడిచింది. బస్సులు నడిచాయి, మోటార్లు తిరిగాయి. పెద్ద పికప్ ఇచ్చిన ప్రతిసారీ, కాలేజీ అన్నప్పుడూ కారు అన్నప్పుడూ, ఎక్కడో పట్టి లాగినట్టు కుదుపు. ఇంజనులో బలం లేక కాదు. ఆ బలం చేరాల్సిన చోటికి చేరలేదు.

1974 జనవరి 4న నాయుడు గారు పోయారు. ఎనభై ఏళ్ళు. ఆయన పేరు మీద నడిచే సంస్థలు కోయంబత్తూరులో ఇప్పటికీ కుర్రాళ్ళకి పనులు నేర్పుతున్నాయి. అక్కడ అవినాశి రోడ్డులో ఒక కార్ల మ్యూజియం, ఆయన చేసినవీ సేకరించినవీ పెట్టిన ప్రదర్శనశాల ఉన్నాయి. మన క్లబ్ టూర్ ఎప్పుడైనా ఊటీ అనుకుంటే దారిలో అది కూడా కలపమని నా విన్నపం.

చీకటి పడ్డాక

బందరు షెడ్డులో చీకటి పడింది. బాబాయ్ లైటు ఆర్పేశాడు. బానెట్ ఎత్తి ఇంజను స్టార్ట్ చేసి, నన్ను సీట్లో కూర్చోబెట్టి, చెప్పినప్పుడు ఒక్కసారి గట్టిగా తొక్కి వదలమన్నాడు. ఊరికే తిరుగుతున్నప్పుడు ఏమీ లేదు. నేను తొక్కగానే తాతయ్య చిన్నపిల్లాడిలా కేకేశారు. నన్ను దింపి, బాబాయ్ తనే కేబుల్ లాగి చూపించాడు. మూడో సిలిండర్ ప్లగ్గు వైరు మీద, ఇంజను ఇనుముకి దగ్గరగా ఉన్న చోట, నీలం రంగు మెరుపు చిటచిటలాడుతూ దూకుతోంది. పగలు ఎంత చూసినా అది కనబడేది కాదు. అందుకే చీకటి పడనివ్వమన్నాడు.

ఎందుకలా అవుతుందో అప్పుడు అర్థమైంది. కాయిల్ 12 వోల్టులని వేల వోల్టులు చేసి ప్లగ్గుకి పంపుతుంది. వందేళ్ళ క్రితం అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కార్ల కోసం రూపం ఇచ్చిన పద్ధతే ఇది. ఆ కరెంటు ప్లగ్గు చివర ఉన్న చిన్న ఖాళీని దూకితేనే మంట పుడుతుంది. ఊరికే తిరుగుతున్నప్పుడు సిలిండర్‌లోకి వెళ్ళే గాలి తక్కువ, ఒత్తిడి తక్కువ, కాబట్టి తేలిగ్గా దూకుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే గాలీ పెట్రోలూ ఎక్కువ వెళ్ళి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజి కావాలి. వైరు రబ్బరు ముసలిదై బీటలిస్తే, కరెంటుకి ప్లగ్గు కంటే పక్కనున్న ఇనుమే దగ్గర దారి. అటు దూకేస్తుంది. ఆ సిలిండర్‌లో మంట రాదు. మనకి కుదుపు తెలుస్తుంది. పైకి ఆ వైరు చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గొలుసులా నిగనిగలాడుతూనే ఉంది.

నేను పెట్టిన కొత్త ప్లగ్గుల గ్యాప్ కూడా కొలవకుండా బిగించానట. గ్యాప్ ఎక్కువుండటంతో దూకడం ఇంకా కష్టమై, నా రిపేరు తర్వాత కుదుపు పెరిగింది. బాబాయ్ గేజి పెట్టి గ్యాప్ సరిచేశాడు, మళ్ళీ నడిపి చూశాడు. తర్వాత వైర్ల సెట్టు మార్చాడు, మళ్ళీ నడిపి చూశాడు. ఒక పని, ఒక పరీక్ష. అయిన ఖర్చు నేను దండగ చేసినదాని కంటే తక్కువ. ఒక హెచ్చరిక: ఎవరైనా ఇది చూడాలనుకుంటే తెలిసినవాళ్ళ పక్కనే చూడండి, ఆ వైర్ల దగ్గర చెయ్యి పెట్టకండి.

ఆ ఆదివారం తాతయ్యే నడిపారు. పులిగడ్డ వంతెన మొదట్లో కావాలనే గట్టిగా తొక్కారు. బండి చక్కగా పైకి లాగింది. కింద కృష్ణ, రెండు వైపులా దివిసీమ పచ్చగా. తాతయ్య ఏమీ అనలేదు. వెనక సీట్లోంచి నాన్నే, రెన్యువల్‌కి ఏమేం కాగితాలు కావాలో కనుక్కోమని నాకు చెప్పారు.

నా హాస్టల్ గదిలో రెండు నెలలుగా తిరగని టేబుల్ ఫ్యాను ఒకటుంది. మొన్నటిదాకా దాని మీద పుస్తకాలు పెట్టుకుంటున్నా. నిన్న ప్లగ్ పీకి, నేల మీద న్యూస్ పేపర్ పరిచి, విప్పడం మొదలుపెట్టా. తీసిన ప్రతి స్క్రూనీ వరసగా పేర్చి నంబరేస్తున్నా. తిరిగిందో లేదో వచ్చే సంచికలో చెప్తా.